కేదార్‌నాథ్ దారిల నా నిరాహార దీక్ష

ముందే చెప్తున్న, నన్ను ప్రసాదం అడగొద్దు. కేదార్‌నాథ్ పోయిన మాట నిజం, గుడి చూడని మాట అంతకన్న నిజం. నేను కొండ ఎట్ల దిగిన్నో మా పెద్దబాపు ఊరూరికీ ఫోన్లు చేసి చెప్తున్నడు. ఆయన కత మీ చెవిల పడకముందే నా కత వినుండ్రి. కోపం ఇంక చల్లారలే నాకు. ఎవరి మీదంటరా? ముగ్గురి మీద. మూడో మనిషిని నేనే!

మాది పెద్దవంగర. జనగామల డిగ్రీ చదివినన్నాళ్లు డిబేట్లల్ల నన్ను ఓడగొట్టినోళ్లు లేరు. మైకు దొరికితే ఇడిచేదాన్ని కాదు. మా బాపుకేమో మొన్నామధ్యనే గుండెల స్టెంట్ వేసిండ్రు. పొద్దుమాపు గోళీలు మింగాలె. అసొంటి మనిషి యాత్రకు బ్యాగు సదిరిండు! డాక్టర్ను అడిగినవా బాపూ అంటే, "దేవుని కాడికి పోనీకి డాక్టర్ పర్మిషన్ ఏంది?" అన్నడు. ఈ పిచ్చి ఎక్కించింది ఎవరు? భూపాలపల్లి పెద్దబాపు. మా పెద్దమ్మ పెనిమిటి. బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు.

అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు గూడ పో. బాపును మంచిగ తీస్కరావుడు నీ జిమ్మేదారి."

పోయినం. నడక మొదలయ్యే కాడ గుర్రం మాట్లాడిన. పెద్దబాపు అడ్డం తగిలిండు.

"గుర్రమెక్కి పోతే పుణ్యం గుర్రానికొస్తది బిడ్డా."

"పెద్దబాపూ, పైకి పోయిన కొద్ది గాలి పలచనైతది. ఆక్సిజన్ సరిపోక గుండె డబుల్ డ్యూటీ చెయ్యాలె. బాపు గుండె తట్టుకోదు!"

"గాలి సంగతి నాకు చెప్తున్నవా? జిందగంత భూమి లోపట, గాలాడని కాడ పనిచేసిన. నాకేమన్నయిందా?"

నెత్తి కొట్టుకున్న. బాయిలకు దిగితే గాలి బరువు పెరుగుతది, కొండెక్కితే తగ్గుతది! పైగా బాయిల గాలి కొట్టనీకి ఫ్యాన్లుంటయి! ఈ కొండకు ఎవడు పెట్టిండు ఫ్యాన్లు? గిదంత అరిచి చెప్పిన. ఆయన చెవులకు మఫ్లర్ చుట్టుకున్నడు.

ఇట్ల కాదని బాపు రూట్ల పోయిన. బాపు రైతు కదా! "ఎండకాలం బోర్ల నీళ్లు అడుక్కు పోతే మోటరు ఏమైతది బాపూ? గదే మడి పారనీకి దినమంత ఆగకుంట నడుస్తది. సగం గాలే గుంజుతది. లాస్టుకు కాలుతది. కొండ మీద నీ గుండె గదే మోటరు!"

బాపు నిమ్మలంగ విన్నడు. నవ్విండు. "నా మోటరుకు మొన్ననే కొత్త వైండింగ్ చేయించిన కదనే."

చెప్పుండ్రి, దీనికి ఏం రిబటల్ ఇయ్యాలె?

సగం కొండ ఎక్కేసరికి బాపు పది అడుగులకోపారి ఆగుతున్నడు. పెదవులు నల్లబడ్డయి. నాకు భయమైంది. భయమైతే నాకు కోపమొస్తది.

"పొద్దుగాల గోళీ ఏసుకున్నవా?"

"ఇయ్యాల సోమారం. ఒక్కపొద్దు ఉన్న. గోళీ మింగితే పొద్దు ఇడిసినట్టయితది. దర్శనమయినంక ఏసుకుంట."

అన్నం లేదు, నీళ్లు లేవు, గోళీ లేదు! స్టెంట్ పడ్డ గుండెతోని కేదార్‌నాథ్ కొండ! నాకు మండింది చూడు... కాలేజీల ప్రిన్సిపాల్ రూం ముంగట ఏం చేసిన్నో గదే చేసిన. దారి పక్కన బండ మీద కూసున్న.

"బాపు గోళీ మింగేదాక నేను మెతుకు ముట్ట, నీళ్లు ముట్ట! నిరాహార దీక్ష!"

నడిచిపోతున్న మన తెలుగోళ్లు నలుగురైదుగురు ఆగిండ్రు. "ఏంది చెల్లె, డిమాండ్లేంది?" అని ఒకాయన సెల్‌ఫోన్ తీసిండు. పెద్దబాపు అందరికి చేతులు జోడించి, "ఏం లేదు సారూ, పిల్లకు జర ఆకలైతుంది" అన్నడు. బాపు నన్నొకపారి చూసిండు. "మంచిగ కూసో బిడ్డా. వచ్చేటప్పుడు తోల్కపోత." కర్ర తీస్కొని నడిచిండు!

మరి నేను కూసుంటే ఎట్ల? బాపు నా జిమ్మేదారి కదా. లేచి వెంటవడ్డ. దీక్ష మాత్రం ఇడువలే. గట్ల నడిచే దీక్ష మొదలైంది. అప్పటికి నేను తిన్నది ముందురోజు మాపటి రొట్టె. తాగింది ఏమీ లేదు. ఎక్కుకుంట, ఎన్కకు తిరుగుకుంట, చేతులు ఊపుకుంట స్పీచ్ ఇస్తున్న.

"ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తులల్ల రక్తనాళాలు బిగుసుకుంటయి! గుండె కుడిపక్క మీద లోడు పడ్తది! గుండె వేగం పెరుగుతది! మనిషికి తల దిమ్మెక్కుతది! తర్వాత..."

తర్వాతది చెప్పలే. గుండె చెవులల్ల కొట్టుకున్నది. కొండ ఒక పక్కకు వాలింది. పెద్దబాపు మొకం రెండయింది. ఒక్క పెద్దబాపునే ఓర్వలేకపోతుంటి, ఇద్దరా అనుకున్న. గంతే యాదికున్నది.

కండ్లు తెరిస్తే మెడికల్ క్యాంపు. మూతికి మాస్కు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. డాక్టరమ్మ హిందీల గరంగరం అవుతున్నది. నోరు తెరవబోయిన. "బాత్ మత్ కరో!" అన్నది. పెద్దబాపుకు ఎంత సంబురమో! వంగి మరీ అనువాదం చేసిండు: "నోరు మూసుకోమంటున్నది బిడ్డా."

నన్ను వెంటనే కిందికి దించాలెనన్నది డాక్టరమ్మ. పెద్దబాపు ఉపాయం చెప్పిండు. "దీన్ని కూలీ గంపల దింపిద్దం. మనిద్దరం జల్ది దర్శనం చేసుకోని వద్దం. ఇంత దూరం వచ్చినం కదా తమ్మీ."

అప్పటిదాక నా చెయ్యి పట్టుకొని కూసున్న బాపు లేచిండు. ఆయన గట్ల అరవంగ నేనెన్నడు చూడలే. "నా బిడ్డ ఊపిరాడక ఉంటే దర్శనమా? నువ్వు పో! నేను దిగుత!"

నేను మాస్కు తియ్యకుంటనే వేలుతోని బాపు గుండె చూపించిన. డాక్టరమ్మకు సమజయింది. ఆ క్లిప్పు బాపు వేలికి పెట్టింది. నంబరు నాకన్న తక్కువ! "ముందు నువ్వు దిగు" అని ఆయనను తిట్టుడు షురూ చేసింది. నీళ్లు తాగించింది, గోళీ మింగించింది. బాపు బుద్ధిగ మింగిండు. నేను ఊర్ల మొదలువెట్టి చెప్పిన దాంట్ల ఒక్క మాట చెవికెక్కని మనిషి!

బాపు గుర్రం మీద. పెద్దబాపు ఎన్క నడుచుకుంట. నేను గంపల. మనిషి వీపు మీద గంప, గంపల నేను, మోకాళ్లు గదుమకు ఆనించి, కోళ్లను అంగడికి తీస్కపోయినట్టు. ఎదురొచ్చేటోళ్లు దండం పెట్టుకుంట ఫోటోలు తీస్తున్నరు. దిగినకొద్ది ఊపిరొచ్చింది. ఊపిరొచ్చినకొద్ది తిట్లొచ్చినయి.

అసలు మంట ఊరికొచ్చినంక. బాపు అందరికి ఏమని చెప్తున్నడో ఎరుకేనా? "నా బిడ్డకు గుండె బలం లేదు. దాని కోసమనే దర్శనం ఇడిచిపెట్టి దిగిన." నాకా! గుండె బలం లేనిది నాకా! నన్ను మానుకోట దవఖానకు తీస్కపోయి ఈసీజీ తీయించిండ్రు. మంచిగున్నదని డాక్టర్ చెప్తే, "మిషన్‌కేం ఎర్క సారూ" అన్నడు బాపు. నాకు తోడని తను గూడ తీయించుకున్నడు. డాక్టర్ బాపుది చూసి కుర్చీల సక్కగ కూసున్నడు. ఇంకొన్ని అడుగులు ఎక్కితే దక్కకపోతుండెనన్నడు. గోళీలు మార్చిండు.

ఇప్పుడు మా ఇంట్ల పొద్దుగాల తంతు ఇది. అమ్మ నాకు బలం గోళీ ఇస్తది. బాపు తన గోళీ చేతిల పట్టుకొని నన్ను చూస్తడు. "నువ్వు మింగు బిడ్డా. నీకు తోడు నేను మింగుత." సోమారం గూడ తప్పుతలేడు.

ఈ అబద్ధాన్ని నేను రెండు నిమిషాలల్ల తుక్కుతుక్కు చెయ్యగలుగుత. పాయింట్లు రెడీగున్నయి. కానీ నేను గెలిస్తే బాపు గోళీ ఆగుతది. అందుకే పక్కింటి అవ్వ దానిమ్మపండు పట్టుకొచ్చి, "గుండె ఎట్లున్నది బిడ్డా?" అని అడిగినప్పుడల్ల, పండ్లు పటపట కొరుక్కుంట, పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి ఎదుటి టీము తరఫున వాదిస్తున్న:

"జర ఆయాసంగనే ఉంటున్నది అవ్వా."