చౌడు చేను, సముద్రపు నాచు, ఒక బిందె కాలువ నీళ్ళు

చేను చౌడెక్కితే దేవుడు దాన్ని విడిచేశాడని మీకెవరు చెప్పారు? మా బావ అలాగే అన్నాడు. మైదుకూరు దగ్గర ఆయనకున్న రెండెకరాల మిరప పోతే, భూమి వదిలి మంగంపేట ముగ్గురాయి గనిలో కూలికి పోతానని కబురుపెట్టాడు. ఉప్పును తట్టుకునే బలం మొక్కకిస్తుందని సముద్రపు నాచు రసం సీసా పంపింది నేనే. ఆ మందే చేనును కాల్చిందట! పాస్టరును కదా, బైబిలు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

కర్నూలులో ఉదయం ఆరింటికి కడప బస్సు ఎక్కితే నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా మైదుకూరుకు నాలుగున్నర గంటలు. టికెట్టు రెండు వందల పైనే. అక్కడి నుంచి షేరు ఆటోకు పది రూపాయలు. నా సంగతి విని డ్రైవరు పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, ఉప్పుతో సస్తాండే నేలకు సముద్రం మందా? పాము కరిస్తే ఇంకో పామును తెస్తావా?"

"నాచు బతికేదే ఉప్పులో గదప్పా. ఆ విద్య దానికి కాక ఇంకెవరికి తెలుస్తాది?" అన్నాను.

బావ గట్టు మీదే ఎదురయ్యాడు. "చూడప్పా పాస్టరూ, నీ సముద్రం చేసిన పని!"

ఆకుల అంచులన్నీ మాడి ఉన్నాయి. చివరి రెండు సాళ్ళు మాత్రం పచ్చగా నిలబడ్డాయి.

"వాటికి మందు కొట్టలేదా?"

"కొట్టినాం నాయనా," అంది బావ వెనకే వచ్చిన మా అక్క. "అప్పటికి కరెంటు పోయి బోరు ఆగిపాయ. తాగేదానికి కాలువ నుంచి తెచ్చిన బిందె నీళ్ళే మందు కొట్టే ట్యాంకులో పోస్తి."

బోరు దగ్గరికి పరుగెత్తి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాను. ఒకటే ఉప్పు! ఆకును కాల్చింది మందు కాదు, అది కలిపిన నీళ్ళు.

"ఆ మాట ముందే సెప్పకపోతివే!" అని బావ అరిచాడు. నిజమే, ఆ తప్పు నాది.

ఎండ తగ్గాక నాలుగింటికి ముగ్గురం కాలువ నుంచి బిందెలు మోసి, మిగిలిన రసం కలిపి చేనంతా కొట్టాం. చివరి సాలు దగ్గర బావ పచ్చని ఆకును వేళ్ళతో తడిమి, "సరేలే, ఈ కాపు చూసేదాకా యాడికీ పోను," అన్నాడు.

బైబిల్లో ఒక ప్రవక్త చెడిన నీళ్ళను ఉప్పు వేసే బాగుచేశాడని ఎన్నోసార్లు బోధించాను. ఉప్పుకు విరుగుడు ఉప్పులోనే ఉంటుందన్న ఆ మాట అర్థమైంది మాత్రం ఆ గట్టు మీదే. ఈ రసంతో నేలలోని ఉప్పు మాయం కాదు, మొక్క ఓర్చుకుంటుంది, అంతే. ఓర్చుకున్నదాన్ని పీకేసే హక్కు ఎవరికుంది? మందు కలిపే ముందు నీళ్ళు రుచి చూడండి, ఉప్పగా ఉంటే కాలువ నీళ్ళో వాన నీళ్ళో తెచ్చుకోండి. రేపటిదాకా ఎందుకు? లేవండి, ఈ పొద్దు గుంకేలోపే మీ బోరు దగ్గరికి పోయి దోసిలి పట్టండి!