రబ్బరు సీలుకు గ్రీజు

ఆ కెమెరా ఎంచుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. నేను ఆచితూచి ఎంచుతున్నానని అనుకున్నాను. మా ఆవిడ మాత్రం నేను తప్పించుకు తిరుగుతున్నానని అనుకుంది. ఆవిడదే నిజం.

కరోనా రెండో అల వచ్చిన ఏప్రిల్‌లో ఆవిడకు జబ్బు చేసింది. సూరత్‌లో మాది అడాజన్, మూడో అంతస్తు ఫ్లాటు. వెనకగది ఆవిడకు వదిలేసి, తలుపు బయట ప్లాస్టిక్ స్టూలు వేసుకుని పదకొండు రోజులు కూర్చున్నాను. గంటకోసారి ఆక్సిజన్ "ఎంత?" అని అడిగేవాణ్ణి. లోపల్నుంచి "తొంభై రెండు" అనో "తొంభై ఒకటి" అనో వినబడేది. ఒక మధ్యాహ్నం ఎన్నిసార్లు అడిగినా జవాబు రాలేదు. ఆవిడ నిద్రపోయింది, అంతే. కానీ అది తెలిసేలోపు మాస్కు కూడా లేకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

తేరుకున్నాక కూడా ఆవిడ చాలా రోజులు రెండో అంతస్తులో ఆగి, రెయిలింగు పట్టుకుని, ఊపిరి తీసుకుని ఎక్కేది. బ్యాంకులో ఉద్యోగం, వయసు నలభై నాలుగు. అంతకుముందు ఏడాది లాక్‌డౌన్ సడలించగానే ఊరంతా సైకిళ్ళు కొంటే తనూ కొంది. ఇప్పుడు రెండు వందల కిలోమీటర్ల రైడ్ చేస్తానని కూర్చుంది. పదమూడున్నర గంటల్లో పూర్తి చేసినవాళ్ళ పేర్లు సైకిలు క్లబ్బువాళ్ళు జాబితాలో పెడతారు.

"నా ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు అన్నాడు. పేషెంటుతో ఇంకేమంటాడు? ఆ లిస్టులో నా పేరు చూస్తే నమ్ముతాను," అంది.

అదివరకు దారిలో వాలంటీర్లు కూర్చుని రైడర్ల కార్డు మీద ముద్ర వేసేవారట. కరోనా వచ్చాక కార్డులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారకూడదని ముద్ర తీసేసి ఫోటో పెట్టారు. చెప్పిన నాలుగు చోట్లా ఊరి బోర్డు పక్కన సైకిలు నిలబెట్టి, తేదీ, టైము పడేలా ఫోటో తీయాలి. జూలైలో చిన్న రైడ్‌కి వెళ్తే వానకి ఆవిడ ఫోను చచ్చి ఊరుకుంది. అందుకే వానలో తడిసినా, కింద పడినా, చేతికి తొడుగులున్నా పనిచేసే చిన్న కెమెరా ఒకటి కావాల్సొచ్చింది.

ఆ పని నాకు అప్పజెప్పడం ఆవిడ చేసిన తప్పు. హజీరాలో ఒక కర్మాగారంలో మెయింటెనెన్సు ఇంజనీర్ని నేను. పైపుకి పైపు కలిసేచోట చుక్క కారకుండా చూడటంలోనే నా పద్దెనిమిదేళ్ళ సర్వీసూ గడిచింది. వెంటనే ఫ్యాక్టరీ ఫార్మాటులో పట్టిక గీశాను. ఎంత లోతు నీళ్ళు తట్టుకుంటుంది? ఎంత ఎత్తు నుంచి పడితే బతుకుతుంది? జూమ్ చేస్తే లెన్సు బయటికి పొడుచుకొస్తుందా, లోపలే కదులుతుందా? బ్యాటరీ తలుపుకి ఒక గొళ్ళెమా, రెండా? తొడుగు వేసుకున్న వేలికి బటన్ తెలుస్తుందా? నాలుగు కెమెరాలు, పద్నాలుగు ప్రశ్నలు. ప్రతి గడిలో అవును, కాదు, వివరణ కోరవలెను.

"కెమెరా కొంటున్నారా, బాయిలరు కొంటున్నారా?" అనేది ఆవిడ, హెల్మెట్ తీస్తూ.

స్టేషను దగ్గర షాపుకి మూడుసార్లు వెళ్ళాను. ఆ ఏడాది పెళ్ళిళ్ళలో యాభైమందిని మించి రానివ్వక ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉన్నారు. పాపం, ఆ షాపాయన కెమెరాలు పక్కకి జరిపి అదే గాజు అరలో ఆక్సీమీటర్లు పెట్టుకున్నాడు. నేను అటు చూడకుండా మాట్లాడేవాణ్ణి. మూడోసారి నేను సముద్రంలో పదిహేను మీటర్ల లోతు గురించి అడుగుతుంటే ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

"సాహెబ్, కెమెరా లేవో ఛే కే సబ్‌మరీన్?" అన్నాడు. కెమెరా కావాలా, జలాంతర్గామి కావాలా అని.

నిజానికి నాకు రెండూ అక్కర్లేదు. కెమెరా దొరక్కపోతే రైడ్ ఉండదు, అదీ నా లెక్క. భయమని ఒప్పుకోవడానికి మొహం చెల్లక పద్నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. చివరికి ఆవిడే ఒకరోజు బ్యాంకు నుంచి వస్తూ షాపులో దిగి, నా పట్టికలో ఎక్కువ 'అవును'లున్న ఎర్రటి కెమెరా కొని తెచ్చేసింది.

దాన్ని ఊరికే వదల్లేదు నేను. లోపల టిష్యూ కాగితం మడిచి పెట్టి, స్నానాల బకెట్లో గంటసేపు ముంచాను. కాగితం పొడిగా వచ్చింది. పరుపు మీదికి, తర్వాత నేల మీదికి పడేశాను. ఏమీ కాలేదు. తేదీ, టైము నా చేతి గడియారంతో సరిచూశాను. అక్కడితో ఆగితే బాగుండేది.

రైడ్ ముందురోజు సాయంత్రం బ్యాటరీ తలుపు తీసి చూస్తే చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు సీలు పొడిపొడిగా తగిలింది. మా ఫ్యాక్టరీలో రబ్బరు రింగుని పొడిగా బిగించినవాడికి అక్షింతలు పడతాయి. పద్దెనిమిదేళ్ళు నేనే వేశాను ఆ అక్షింతలు. చేతులు ఊరుకోలేదు. నా డ్యూటీ సంచిలో ఉన్న చిన్న డబ్బాలోంచి వేలికొసతో కాస్త గ్రీజు తీసి సీలు చుట్టూ రాశాను. కెమెరాతో వచ్చిన పుస్తకంలో గ్రీజు, నూనె రాయవద్దని సన్న అక్షరాల్లో ఉంది. చదివాను కూడా. అది మామూలు జనానికి రాసిన మాటలే అనుకున్నాను. ఎంత పొగరో చూడండి!

తెల్లవారి ఐదింటికి ఆవిడ బయల్దేరింది. పల్సానా, వ్యారా, ఉకాయి డ్యామ్, వెనక్కి వస్తూ బార్డోలి. నేను ఆ పాత స్టూలు తెచ్చి బాల్కనీలో వేసుకుని కూర్చున్నాను. పదింటికి వాన మొదలై సాయంత్రం దాకా తెరిపి ఇవ్వలేదు. ఆరుంపావుకి గేటు దగ్గర సైకిలు కనిపించింది. ఆవిడ మెట్లెక్కడం చెవులు రిక్కించి విన్నాను. రెండో అంతస్తులో ఆగలేదు. అబ్బ, ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

బట్టలు మార్చుకుని, ఫోటోలు క్లబ్బుకి పంపేసి, అప్పుడు టీ తాగుతూ వాటిని చూసింది. పల్సానా బాగుంది. వ్యారా బాగుంది. ఉకాయి తెల్లగా ఉంది. బార్డోలి ఇంకా తెల్లగా ఉంది. బోర్డు లేదు, సైకిలు లేదు, మంచులో తీసినట్టు ఉంది. కింద మూలన తేదీ, టైము మాత్రం నిమిషంతో సహా ఉన్నాయి.

"తీశాక చూసుకోలేదా?" అన్నాను.

"మీరు బకెట్లో ముంచి మరీ చూశారు కదా అని చూడలేదు," అంది.

ఆవిడ చేతిలోంచి కెమెరా తీసుకుని తలుపు తెరిచాను. లోపల నీటి చుక్కలు. సీలు ఉబ్బి, గాడిలో పట్టక ఒకచోట మెలిక తిరిగి ఉంది. తప్పుడు గ్రీజు తగిలితే రబ్బరు ఏమవుతుందో కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఏటా పాఠం చెప్పేది నేనే. తలుపు మళ్ళీ మూసేశాను.

ఈలోపు క్లబ్బాయన ఫోను. ఆవిడ స్పీకరు పెట్టింది. "మేడమ్, బోర్డు దిఖతా నహీ హై. కైసే కౌంట్ కరూఁ?" అన్నాడు, బోర్డు కనబడకుండా ఎలా లెక్కలోకి తీసుకోనని, నొచ్చుకుంటూనే. కెమెరాకి ఏమైందని అడిగాడు.

"తప్పు నాదే. దారిలో తలుపు సరిగ్గా వెయ్యలేదు," అని హిందీలో చెప్పింది ఆవిడ. జాబితాలో పేరు రాదన్నాడాయన. సరేనంది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు.

భోజనాల దగ్గర చెప్పాను. సీలుకు గ్రీజు రాసింది నేనేనని, పుస్తకంలో వద్దని చదివే రాశానని.

"తెలుసు," అంది, పెరుగు వడ్డిస్తూ. "ఉకాయిలో బ్యాటరీ మార్చడానికి తలుపు తీస్తే గుప్పుమని మీ డ్యూటీ చొక్కాల వాసనొచ్చింది."

"మరి ఆయనతో నీ తప్పని ఎందుకు చెప్పావు?"

"ఇంజనీరుగారు గ్రీజు పూశారని నలుగురూ నవ్వుకోవాలా? ఊరుకోండి."

నాకు ఏడుపొచ్చింది. వంచిన తల ఎత్తకుండా అన్నం తిన్నాను. మర్నాడు క్లబ్బాయనకు నేనే ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. రూల్ రూలే, వానలు వెళ్ళేలోపు ఇంకో రైడ్ ఉంది, మేడమ్‌ను పంపండి అన్నాడు.

కెమెరా లోపలంతా ఆరబెట్టి, కొత్త సీలు తెప్పించాం. రెండో రైడ్ ముందురోజు దాన్ని ఆవిడే అమర్చి తలుపు వేసింది. రెండు గొళ్ళాలూ పడ్డ చప్పుడు వినబడింది. ఆవిడ అడక్కుండానే నేను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను.

తెల్లవారి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "సాయంత్రం ఆరింటికల్లా వచ్చేస్తాను. రోజంతా ఆ స్టూలు మీద కూర్చోకండి, నడుం పట్టేస్తుంది," అంది.

"కూర్చోనులే," అన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్తే ఫోటోలు నేనే చూశాను. పల్సానా, వ్యారా, ఉకాయి, బార్డోలి. నాలుగు చోట్లా బోర్డు, సైకిలు, వాన చినుకులతో సహా కనిపించాయి. పేరు జాబితాలో వస్తుందని అప్పుడే తెలిసిపోయింది. వాటి తర్వాత ఎవరూ అడగని ఐదో ఫోటో ఒకటుంది. మా గేటు బయట నుంచి, తల పైకెత్తి తీసింది. మూడో అంతస్తు బాల్కనీలో స్టూలు మీద, రోడ్డు అటు చివరకేసి చూస్తూ నేను కూర్చుని ఉన్నాను.