ఖర్జూరం డబ్బాలో సెన

గొంతులో ముల్లు గుచ్చుకుంటే వట్టి అన్నం ముద్ద మింగితే దిగిపోతుందంటారు. నా గొంతులోది దిగలేదు. ఇన్నేళ్లుగా ముద్ద మీద ముద్ద మింగుతూనే ఉన్నాను. పైకి రాదు. లోపలికి పోదు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చర్చికి వచ్చే నర్సమ్మ ఒకావిడ రాసిపెడుతోంది. ఏదీ దిద్దవద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను. నా పేరు వద్దన్నాను. అతని పేరు కూడా అసలుది కాదు, ఖాదర్ అని పెట్టాను. చదివే మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకి చెప్పలేకే కదా ఇన్నాళ్లు నోరు మూసుకున్నది.

మాది గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. మా ఆయన వల మనిషి. వరద నీరు ఎర్రగా దిగేటప్పుడు పులస కడుపు నిండా గుడ్లతో ఏటికి ఎదురీదుతూ వస్తుంది. ఆ గుడ్ల తిత్తిని మేము సెన అంటాం. అమ్మకానికి పోవాల్సిన వాటిల్లోంచి ఒక సెన చేపని ఆయన నాకోసం తప్పించేవాడు. వాళ్లమ్మ తిట్టేది. ఆయన నవ్వేవాడు. ఆయన్ని ఏరు తీసుకోలేదు, సముద్రం తీసుకోలేదు, కామెర్లు తీసుకున్నాయి. ఆ తర్వాతే నేను పిల్లని ఊళ్లో వదిలి, విమానమెక్కి, అరబ్బు దేశంలో సముద్రం పక్కనున్న ఈ ఖురియాత్‌కి వచ్చాను, ఒక ఇంట్లో వంటపనికి.

రెండు వేల పదిహేనులో జరిగింది ఇది. ఆ ఇంటి డ్రైవర్ ఖాదర్. కడప మనిషి, నాకన్నా చిన్నవాడు. శుక్రవారం వస్తే మా యజమాని తల్లికి, ఆ పెద్దమ్మగారికి, సముద్రపు గాలి కావాలి. కారు తోలడం అతని డ్యూటీ, పక్కన కూర్చోవడం నాది. ఆవిడ సీట్లో కునుకు తీస్తే అతను రాళ్ల మీద నుంచి సరదాకి గాలం వేసేవాడు. ఏమీ పడేది కాదు. ఎప్పుడైనా ఒకటి పడినా దాన్ని కోయడం అతనికి చేతకాదు, తెచ్చి నా చేతిలో పెట్టేవాడు.

ఆ శుక్రవారం దారిలో అతన్ని ఆటపట్టించాను.

"నీ గాలం చూసి చేపలు సలాం కొట్టి పోతన్నాయి ఖాదరూ."

"ఈ పొద్దు పడినా నాకొద్దులేక్కా. ఇప్పుడు కనద్ బంద్. అదే, మన వంజరం. గుడ్లు పెట్టే కాలమంట, రెండు నెల్లు పట్టగూడదు. తగులుకుంటే కొక్కెం తీసి నీళ్లలోకి ఇడిసిపెట్టాల్సిందే."

"చేతికొచ్చింది వదిలేస్తావా? ఏం మొగోడివయ్యా!"

"వచ్చే నెల రుసైల్లో కంపెనీ డ్యూటీ నాకు. బాబా ఎన్.ఓ.సి. ఇస్తానన్యాడు. చేప కోసరం దాన్ని చెడగొట్టుకుంటానా?"

బాబా అంటే మా యజమాని. అప్పట్లో ఆయన ఆ కాగితం ఇస్తేనే ఇంకోచోట పని. ఇవ్వకుండా ఇంటికి పంపేస్తే రెండేళ్లదాకా ఈ దేశంలో కాలు పెట్టకూడదు. ఖాదర్ ఆ కాగితం కోసం ఎంతగా కాచుకున్నాడో నాకు తెలుసు. కట్టుబాటు కూడా తెలుసు, ఇప్పుడే కదా చెప్పాడు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు సందు లేదు.

మధ్యాహ్నం అతను నమాజుకి వెళ్తూ గాలం దారం నా చేతికిచ్చాడు. పెద్దమ్మగారు కారులో నిద్రపోతోంది. నేను రాళ్ల మీద కూర్చున్నాను. కాసేపటికి దారం కొట్టింది.

అది మామూలు లాగుడు కాదు. వేళ్లు తెగాయి. చున్నీ చేతికి చుట్టుకుని లాగాను. వదలాలని అనిపించలేదా? అనిపించింది. అనిపిస్తూనే లాగాను. మా ఆయన పోయాక బతికున్న చేపని చేత్తో పట్టుకోవడం అదే మొదలు, అది రాళ్ల మీద కొట్టుకుంటుంటే నేను ఒక ఇంట్లో పనిమనిషినని, పరాయి దేశంలో ఉన్నానని, అడగందే గడప దాటకూడని దాన్నని అన్నీ మర్చిపోయాను. వంజరం. పొట్ట ఉబ్బి ఉంది. కొక్కెం తీసి నీళ్లలోకి జారవిడిస్తే బతికేది.

ఎర కోసే కత్తి పక్కనే ఉంది. పొట్ట చీల్చాను. సెన రెండు తిత్తులు, చెక్కుచెదరకుండా వచ్చాయి. పెద్దమ్మగారి ఖర్జూరం డబ్బా ఖాళీ చేసి అందులో పెట్టాను. చేపని ఖాదర్ ఐసు పెట్టెలో అడుక్కి తోసి పైన ఐసు కప్పాను. చేపని పారేయడానికి చేతులు రాలేదు. ఇంటికెళ్లాక చెబుదాం, నవ్వుతాడులే అనుకున్నాను. ఇప్పుడే చెబితే తిడతాడు, సముద్రంలో పారేయిస్తాడు. అందుకే అతను తిరిగొచ్చి "ఏమన్నా పడిందాక్కా?" అంటే తల అడ్డంగా ఊపాను.

రోడ్డెక్కే చోట చేపల శాఖవాళ్ల జీపు నిలబడి ఉంది. పెట్టె చూపించమన్నారు. ఖాదర్ నవ్వుతూ దిగాడు. "సాబ్, మేరా డబ్బా హమేషా ఖాలీ," నా పెట్టె ఎప్పుడూ ఖాళీయే అంటూ తనే మూత తీశాడు. తనే ఐసులో చెయ్యిపెట్టి కెలికి చూపించబోయాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అధికారి చేపని బయటికి తీశాడు. చీల్చిన పొట్ట చూశాడు. గుడ్లేవి, ఎవరు పట్టారు అని హిందీలో అడిగాడు. ఖాదర్ ఆ కోత వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను కారులో పెద్దమ్మగారి పక్కన ఉన్నాను. ఒళ్లో డబ్బా. తెగిన చెయ్యి చున్నీ కింద.

అతను తెలుగులో, మెల్లగా, వాళ్లకి అర్థం కాకుండా అడిగాడు.

"అక్కా, నాకు చేప కొయ్యను రాదని నీకు తెల్సు. నేను నమాజుకు పోయినానని నీకు తెల్సు. ఒక్క మాట చెప్పక్కా."

"నేను పెద్దమ్మగారి కాడే ఉన్నాను బాబూ. నాకేం తెల్దు."

"అక్కా..."

అధికారి నన్నూ అడిగాడు. హిందీలో కూడా అదే చెప్పాను. ముఝే నహీ మాలూమ్. అప్పటికి పెద్దమ్మగారు లేచింది, ఏం జరిగిందో ఆవిడకి అర్థం కాలేదు.

ఖాదర్‌ని జీపులో తీసుకెళ్లారు. బాబా వచ్చి మమ్మల్ని ఇంటికి చేర్చి స్టేషన్‌కి వెళ్లాడు. ఇల్లు ఖాళీగా ఉంది. నేను వంటగదిలో సెనకి ఉప్పు, కారం, పసుపు పట్టించి వేయించాను. నిలబడే తిన్నాను. మీకిది చెప్పాలా వద్దా అని ఎన్నోసార్లు అనుకున్నాను. గొంతు దిగలేదని, విషంలా ఉందని చెబితే బాగుండేది. కానీ రుచిగా ఉంది. వేళ్లు నాకాను.

పిల్ల చదువు కోసం అబద్ధమాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నన్ను పంపేస్తే దాని చదువు ఆగిపోయేదని. అదీ అబద్ధమే. ఆ క్షణంలో పిల్ల గుర్తుకే రాలేదు. ఒళ్లో డబ్బా ఒక్కటే గుర్తుంది. మూత తీస్తే నేను దొంగనని తేలిపోతుంది. అంతే. అంత చిన్న సిగ్గు కోసం.

తన కారులో, తన తల్లి ఉండగా ఇలాంటి పని చేశాడని బాబా మండిపడ్డాడు. కాగితం ఇవ్వలేదు. వీసా రద్దు చేయించేశాడు. ఖాదర్ బ్యాగు తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను వంటగది కిటికీ దగ్గర నిలబడ్డాను. అతను కిటికీ వైపు చూడలేదు. మళ్లీ రాలేదు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకంటారు కదా.

నాకేమైంది? నాకు మంచే జరిగింది. ఆ డ్రైవర్‌తో పోలిస్తే నేను ఎంత నిజాయితీపరురాలినో అని బాబా భార్య, మా మేడమ్, స్టోరు రూము తాళాలు నా చేతికిచ్చింది. ఆ తాళాలు ఇప్పటికీ నా నడుము దగ్గరే ఉన్నాయి. ఖర్జూరం డబ్బాని నిమ్మకాయతో ఎన్నిసార్లు తోమినా పెద్దమ్మగారు మూత తీసి "సమక్" అనేది. చేప అని. డబ్బా పక్కకి నెట్టేసేది. ఆవిడ పోయింది. డబ్బా ఉంది. పారేద్దామని తీస్తాను, మళ్లీ అలమారాలోనే పెడతాను. ఈ ఇల్లు వదిలి పోదామన్నా అంతే. ఏ ముఖంతో కాగితం అడగను? ఒకడి కాగితం తిన్న నోటితో?

ప్రతి ఏడూ కనద్ బంద్ అయ్యే రోజులు వస్తాయి. బజారులో మనుషులు ఆ మాట అనగానే చెయ్యి దానంతటదే చున్నీ కిందికి పోతుంది.

దేవుడికి చెప్పాను. చాలాసార్లు చెప్పాను. దేవుడికి చెప్పడం తేలిక. ఆయన వెళ్లి ఖాదర్‌కి చెప్పడు కదా.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే నాకేం వస్తుంది, అతనికేం వస్తుంది? రాస్తున్న నర్సమ్మ కలం ఆపి నా వైపు చూస్తోంది. రాయమ్మా, ఆపకు. ఇంకొక్క మాటే ఉంది. ఆ రోజు ఆ అధికారి రోడ్డు మీద నిలబడి, ఈ చేపని ఎవరు పట్టారు అని అడిగాడు.

నేను పట్టాను.