చప్పుడు అందింది, మాట అందలేదు

మొన్న ఇబ్రహీంపట్నంలో చెవుల పరీక్షకని నన్ను ఒక మూసిన గదిలో కూర్చోబెట్టారు. చెవులకు తగిలించిన యంత్రంలో ఒక గొంతు వినబడుతూనే ఉంది కానీ, అది పలికిన మాటల్లో సగం నమిలి ఊసినట్టు వచ్చాయి. స, త, క లాంటి సన్నని ధ్వనులు ముందుగా పోతాయనీ, మిగిలిన మోతకు ఎదుటివాళ్ల ముఖమూ సందర్భమూ చూసి మనమే మాట కూర్చుకుంటామనీ డాక్టరమ్మ చెబుతుంటే, నాకు మా అన్న గుర్తొచ్చాడు.

అన్న మంచాల ఊరి చుట్టుపక్కల బోర్లు వేసే బోరుబండి మీద ఏళ్లతరబడి పనిచేశాడు. అంత మోతలోనూ ఎవరేం అరిచినా ఠక్కున అందుకునేవాడు. అక్కడ మాటలు నాలుగైదేననీ, అవీ ఎదురెదురుగా చేతులూపుతూ చెప్పుకునేవేననీ నాకు తట్టలేదు. ఇంట్లో మాత్రం ప్రతిదానికీ ‘ఆఁ?’ అనేవాడు కనుక, అది అవసరానికి తెచ్చుకున్న చెవుడని నా అనుమానం. ఒకసారి వెనకనుంచి చెంబు పడేశాను. అతను ఉలిక్కిపడి తిరిగితే, దొరికాడనుకున్నాను.

బాపు పోయిన పూట నేను మందులకు వెళ్లాను, అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పక్కన అన్న ఒక్కడే. బాపు ఏదో చెప్పి కన్నుమూశాడు. ఏం చెప్పాడని అడిగితే అన్న, “సప్పుడు ఇనవడ్డది తమ్మీ, మాట సమజ్ గాలె” అన్నాడు. మాకున్న చెలక భూమి ఎవరికిమ్మన్నాడో దాస్తున్నాడని నేను తేల్చేసుకున్నాను. దినాలనాడు చుట్టాలందరి ముందు అతని మొహం మీదే అరిచాను.

“బోరుబండి మోతల ఇనొచ్చేటోనికి బాపు మాట ఇనరాదా? దొంగ నాటకాలు జెయ్యకు!”

అన్న మళ్లీ మా గడప తొక్కలేదు. అమ్మ నా దగ్గరే ఉండి, నా దగ్గరే పోయింది.

పరీక్ష అయిన మర్నాడే మంచాల బస్సెక్కాను. తప్పయిందని మూడుసార్లు అరవాల్సి వచ్చింది, ఇద్దరివీ అవే చెవులు కదా. అన్న, “బాపు గిట్లన్నడు” అంటూ పెదవులు మూసి, తెరిచి, పక్కకు కొద్దిగా సాగదీశాడు. అర్థం కాని ఆ కదలికను ఇన్నేళ్లూ పోకుండా దాచుకున్నాడు. అమ్మకైనా చూపించలేకపోయావా అన్నాను.

“దొంగన్నంక ఎవ్వలకు జూపాలె?”

మళ్లీ చూపించమన్నాను. నాకూ తెలియలేదు.

బాపు దగ్గు విని ఆయనకేం కావాలో చెప్పగలిగిన మనిషి అమ్మ. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేది. అన్నను ఇప్పుడు పూర్తిగా నమ్ముతున్నాను, కానీ ఆ పెదవులను చదవగలిగిన మనిషే లేదు.