అంచు బయటి చుక్క

వృక్షశాస్త్ర విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. విద్యార్థులకు ఆమె చుక్కల మేడం. ముప్ఫై నాలుగేళ్లు అక్కడ మొక్కల బొమ్మలు వేసింది. నీడ చూపించడానికి పెన్సిల్‌తో రుద్దడం, అడ్డగీతలు కొట్టడం ఆమెకు నచ్చవు. సన్నమొన కలం నల్ల సిరాలో ముంచి, నిట్టనిలువుగా పట్టుకుని, ఊపిరి వదిలి ఒక్కో చుక్కా పెడుతుంది. నీడ ఉన్నచోట చుక్కలు గుంపు కడతాయి, వెలుగు వైపు పోయేకొద్దీ పలచబడతాయి. ఒక్క ఆకుకి వారం పట్టేది.

"మీ బొమ్మ అయ్యేలోపు మొక్కే చెట్టయిపోతుంది మేడం" అని ఆఫీసు గుమాస్తా వెక్కిరించేవాడు.

"తొందరైతే మొక్కనే పీకి అంటించుకో" అనేది తల ఎత్తకుండా.

నిజానికి చేరింది టైపిస్టుగా. బొమ్మలు వేసే ఆయన నెల రోజులు సెలవు పెట్టినప్పుడు, టైపు మిషను పక్కకు జరిపి ఒక వేరు బొమ్మ వేసి చూపించింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను టైపు చేయమనలేదు.

రిటైరైన నాలుగేళ్లకు, ఆమెతో బొమ్మలు వేయించిన ప్రొఫెసర్ తన మొక్కల పుస్తకం పూర్తి చేశారు. అందులోకి ఆమె బొమ్మలు నూట నలభై. అచ్చువేసేవాళ్లు మాత్రం కాగితాలు తీసుకోం అన్నారు, కంప్యూటర్ ఫైళ్లే కావాలన్నారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా మచ్చుకి ఒక బొమ్మ పంపాలి. అది నచ్చితే అన్నీ ఆమెవే. నచ్చకపోతే ఫోటోలు వేసుకుంటారు. ముప్ఫై నాలుగేళ్ల పని బీరువాలోనే పడి ఉంటుంది.

ఇంట్లోనే మనిషి ఉంది కదా అని ఆమె ధీమా. చెల్లెలి కూతురు ఉద్యోగం కోసం ఆమె దగ్గరే ఉంటోంది. మందుల అట్టపెట్టెల మీద అక్షరాలూ బొమ్మలూ కూర్చడం ఆ పిల్ల పని. మంగళవారం బొమ్మను ఆఫీసుకి తీసుకెళ్లి, స్కాన్ చేసి, శుభ్రం చేసి, ప్రొఫెసర్‌కి పంపేసి, సాయంత్రం ఫోనులో చూపించింది.

"ఎంత తెల్లగా వచ్చిందే! కాగితం పసుపంతా పోయింది" అని పెద్దమ్మ మురిసిపోయింది. అరచేతిలో పట్టేంత బొమ్మలో అంతకంటే ఏం కనిపిస్తుంది?

బుధవారం పొద్దున్నే ప్రొఫెసర్ ఫోన్ చేశారు.

"మేడం, పొరపాటున వేరే మొక్క పంపినట్టున్నారు."

"అదే సార్. నలిపితే వాసన వచ్చేది."

"వాసన వచ్చేదానికి ఆకు వెనక నూనె చుక్కలుండాలి కదా. దీనికి నున్నగా ఉంది. ఇది దాని చుట్టం."

ఆమె కళ్లజోడు పెట్టుకుని పెద్ద తెర ముందు కూర్చుంది. గుంపుగా ఉన్న చుక్కలన్నీ ఉన్నాయి. ఆకు వెనక విడివిడిగా పెట్టినవి, సరిగ్గా ఆ మొక్కను ఆ మొక్క చేసేవి, ఒక్కటీ లేదు.

"మచ్చలు తీసే బటన్ ఒకటుంటుంది పెద్దమ్మా. అట్టపెట్టెలకి అలవాటు కొద్దీ ముందు అదే నొక్కుతాను. దుమ్మనుకుని..."

"దుమ్మా! వారం రోజులు మెడ వంచి పెట్టిన చుక్కల్ని ఊడ్చిపారేశావా తల్లీ!"

పిల్ల మొహం చిన్నబోయింది. చేతిలో ఉన్నది రెండు రోజులు.

ఆ పిల్ల సెలవు పెట్టింది. దాని స్నేహితురాలి దగ్గర్నుంచి స్కానరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. ఈసారి బటన్ నొక్కలేదు. తెర మీద ఆకు తలుపంత పెరిగింది. చుక్కలతోపాటు దుమ్మూ పెరిగింది.

"ఏది నీది, ఏది దుమ్ము? నాకన్నీ ఒకలాగే ఉన్నాయి."

ఆమె కాసేపు చూసింది. కంప్యూటర్ సంగతి తెలియదు గానీ, కాగితం సంగతి తెలుసు.

"కాగితాన్ని తలకిందులుగా పెట్టి ఇంకోసారి తియ్యి. నా చుక్కలు కాగితంతోపాటు తిరుగుతాయి. స్కానరు గాజు మీది దుమ్ము ఎక్కడిదక్కడే కూర్చుంటుంది."

పిల్ల నోరు తెరిచింది. "నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నా, నాకెందుకు తట్టలేదు?"

"నీకు బటన్ ఉంది కదా."

గాజు దుమ్ము అలా తేలిపోయింది. కాగితానికే అంటుకున్న పాత దుమ్ము మిగిలింది. దానికి ఆమె కళ్లే ఆధారం. సిరా చుక్క గుండ్రంగా, నడిమధ్య దాకా నల్లగా ఉంటుంది. దుమ్ము బూడిద రంగులో, అంచున నూగుతో ఉంటుంది. పిల్ల బాణం గుర్తు జరుపుతూ పోతుంటే, ఆమె పక్కన భూతద్దంతో కాగితం చూస్తూ "నాది... నాది... దుమ్ము... నాది" అంటూ కూర్చుంది. అన్నం చల్లారింది. గురువారం సాయంత్రానికి ఆకు అంచు దాకా వచ్చారు.

అంచు బయట, ఖాళీ తెలుపులో, ఒక్క చుక్క. గుండ్రంగా, నల్లగా.

"ఇది నీదే" అంది పిల్ల. ఈ రెండు రోజుల్లో దానికీ కన్ను కుదిరింది.

"నాదే. తుమ్ము వచ్చింది ఆరోజు."

"ఉంచేద్దాం. నువ్వు పెట్టిన చుక్క ఇంకోటి నేను తీయను."

"తీసెయ్యవే! పాతికేళ్లుగా కంట్లో నలుసు అది. గీకితే కాగితం చిరుగుతుందని ఊరుకున్నాను."

పిల్ల నొక్కింది. చుక్క మాయమైంది. ఆమె కాగితం వైపు చూసింది. అక్కడ అలాగే ఉంది. ఎందుకో అది కూడా బాగానే అనిపించింది.

శుక్రవారం పన్నెండున్నరకి ఫోన్ మోగింది.

"ఇప్పుడు మొక్క మొక్కలా ఉంది మేడం. అచ్చువాళ్లు మిగతావీ పంపమన్నారు" అన్నారు ప్రొఫెసర్. "అవునూ, అంచు బయట ఒక చుక్క ఉండేది కదా, ఏమైంది?"

ఆమె ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "మీరు చూశారా? ఇన్నేళ్లూ నోరు మెదపలేదే!"

"చెప్తే మళ్లీ మొదట్నుంచీ వేస్తారని భయం."

"వేసేదాన్నే" అంది ఆమె.

ఫోను పెట్టేసి, మెత్తటి గుడ్డతో గాజు తుడిచింది. బీరువా తీసి రెండో బొమ్మ తెచ్చి బోర్లా పెట్టింది.

"ముందు నిటారుగా ఒకటి" అంది పిల్లతో. "తర్వాత తలకిందులు."