ఎలుగుబంటి చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో మా కోనసీమలో అనుమానం కూడా ఎంతో మర్యాదగా పడేవారు. "నువ్వు దొంగవి" అని ఎవరూ ఎవర్నీ అనేవారు కాదు. "మిమ్మల్నని కాదు గానండీ, మీరొచ్చి వెళ్ళేక మా కత్తిపీట కనబడ్డం లేదండి" అనేవారు. అవతలి మనిషి కూడా ఏమాత్రం నొచ్చుకోకుండా "ఆయ్, అలాగాండి, మా ఇంట్లో కూడా ఓసారి చూస్తానుండండి" అని వెళ్ళి, మర్నాడు దాన్ని తెచ్చి ఇచ్చేసేవారు. నేను పుట్టి పెరిగింది మండపేటలో. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. చుట్టూ లారీలూ, బస్తాలూ, కేకలూ. ఏ మాటైనా మొహం మీదే అనేసుకునే వాళ్ళ మధ్య పెరిగినదాన్ని (మరి మిల్లు చప్పుడులో అవతలివాడికి వినబడాలి కదా). అలాంటి నేను తొంభైల చివర్లో, డిగ్రీ ఫలితాలైనా రాకుండానే, అమలాపురం దగ్గర ఓ పల్లెలో కొబ్బరితోటలున్న ఇంటికి కోడలిగా వెళ్ళాను. అక్కడ నా మీద అనుమానం పడుతున్నారని తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

మా అత్తగారు మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పడానికి సందు దొరక్కపోవచ్చు. కాకపోతే ఆవిడ అనుమానానికి ఎవరూ అతీతులు కారు. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని అందరూ అనుకుంటారు. ఆవిడ మాత్రం పాలు చిక్కగా ఉన్న రోజున "ఇవాళ ఏం కలిపేడో!" అని హడలిపోయేవారు. కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టెక్కితే, వాళ్ళు దిగేదాకా మెడ నొప్పెట్టినా తల దించేవారు కాదు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి నవ్వుతూ చదివితే "ఇంకా ఏదో ఉంది, చెప్పట్లేదు" అనేవారు. ఆవిడ అన్నం వడ్డించేటప్పుడు కూడా మన విస్తరి వంక అలా ఓ కంట చూస్తూంటే, తినేవాళ్ళకి తామేదో తప్పు చేస్తున్నట్టే ఉండేది.

ఇలా ఉండగా మావగారికి షుగరు వచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమన్నారు, తీపి మానేయమన్నారు. అత్తగారు తగ్గించడం కాదు, ఇంట్లో తీపి అన్న మాటే వినబడనివ్వలేదు. అయినా అమలాపురం వెళ్ళి రక్తం పరీక్ష చేయించిన ప్రతిసారీ షుగరు పెరుగుతూనే ఉంది. "నేను పంచదార పలుకు వెయ్యట్లేదు. మరి పెరుగుతోందంటే ఎవరో పెడతన్నారు" అని తేల్చేశారు అత్తగారు. ఇంట్లో మావగారు కాక ఉన్నది ముగ్గురం. ఒకరు అత్తగారు. ఇంకొకరు ఆవిడ కన్న కొడుకు, అంటే మా ఆయన. ఇక మీరే చెప్పండి.

అయినా నన్ను పల్లెత్తు మాట అంటే ఒట్టు. ఎవరు ఇంటికొచ్చినా నన్ను చూపించి "మా కోడలు చాలా మంచిదండీ. ఎవరేం అడిగినా లేదనలేదు పాపం" అనేవారు. నేను పొంగిపోయాను. పుట్టింటికెళ్ళినప్పుడు ఈ మాట మా అమ్మకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి "నీ మొహం! మీ మావగారికి దొంగతనంగా తీపి పెడుతున్నావని ఊరంతా చాటుతోందే" అంది. తిరిగొచ్చి చూద్దును కదా, బెల్లం జాడీ అటక మీదికెక్కింది. పంచదార డబ్బా బీరువాలో పట్టుచీరల మధ్యకి చేరింది. నా కాఫీలోకి చెంచాడు కావాలంటే ఆవిడ తాళం తీసి, కొలిచి పోసి, మళ్ళీ తాళం వేసేవారు. ఆ కాఫీ ఎంత తీపిగా ఉన్నా నాకు చేదుగానే దిగేది. నా ఏడుపల్లా ఒకటే. రేప్పొద్దున్న మావగారికేమైనా అయితే, చెయ్యని ఈ తప్పు జన్మంతా నా నెత్తిమీదే ఉంటుంది. అసలు పెడుతున్నది ఎవరో పట్టుకోవాలని నేను కూడా అనుమానాలు మొదలుపెట్టాను. మావగారి కండువా ఉతికే ముందు వాసన చూసేదాన్ని. (ముక్కుపొడుం వాసన తప్ప ఏమీ తగిలేది కాదు. నాకు తుమ్ములు మిగిలేవి.)

ఆ వేసవిలో మా ఆడపడుచు భర్తకి చింతూరు బదిలీ అయింది. అందరం వెళ్ళి చూసొద్దామని అద్దె జీపు మాట్లాడారు. ఆడపడుచుకి పనసతొనలంటే ప్రాణం కాబట్టి పెరట్లో పండిన పెద్ద పనసపండుని గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి, జీపులో వేశారు. పనసతొనలంటే మావగారికి కూడా ప్రాణమే. అందుకని అత్తగారు ఆ సంచి మీద రెండు కాళ్ళూ బిగించి పెట్టుకుని కూర్చున్నారు. రాజమండ్రి దాటేసరికి జీపంతా పనస వాసన కమ్మేసింది. మావగారు అడవినీ కొండల్నీ చూస్తూ, వైరాగ్యం వచ్చినవాడిలా కూర్చున్నారు గానీ, ముక్కుపుటాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

మారేడుమిల్లి దాటాక ఘాటురోడ్డులో జీపు ఉడికిపోయి ఆగింది. "ఆయ్, ఇంజను కాస్త చల్లారాలండి" అన్నాడు డ్రైవరు. "ఇక్కడ జంతువులూ అవీ ఉంటాయేంటయ్యా?" అన్నారు అత్తగారు. "అబ్బే, పగలు రావండి" అన్నాడతను. అత్తగారు నా చెవిలో "కావాలనే ఆపేడమ్మా. ఈ పక్కనే వీడికి తెలిసినోళ్ళ హోటలుండుంటాది" అన్నారు. చుట్టూ కనుచూపు మేర చెట్లు తప్ప ఏమీ లేవు. సరే, ఎలాగూ ఆగాం కదా అని రోడ్డు పక్క నీడలో దుప్పటి పరిచి పులిహోరా, పెరుగన్నం తిన్నాం. తిన్నాక మావగారు చెంబు పట్టుకుని "అలా వెళ్ళొస్తాను" అని పొదల్లోకి వెళ్ళారు. మా ఆయనా డ్రైవరూ బానెట్ ఎత్తి దాంట్లోకి చూస్తున్నారు. నేనూ అత్తగారూ గిన్నెలు తొలవడానికి వాగు దగ్గరికి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి జీపులో గోనెసంచి లేదు.

అత్తగారు సీటు కింద చూశారు. దుప్పటి దులిపారు. తరవాత నా వంక చూశారు. "మనం వాగుకి వెళ్ళేటప్పుడు నువ్వో గరిటె మర్చిపోయేనని వెనక్కొచ్చేవు కదమ్మా. నిన్నని కాదు..." అన్నారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "గరిటె కోసమే వచ్చానండి" అన్నాను. "గరిటె కోసమే వచ్చేవు. కాదన్నానా?" అన్నారు. అంతలో గాలి తిరిగింది. పక్కనున్న పెద్ద పొద అవతల నుంచి పనస వాసన గుప్పుమంది. దాంతోపాటు చప్పుడు కూడా. ఎవరో పండు చీలుస్తున్నారు. చప్పరిస్తున్నారు. గింజలు థూ అని ఊస్తున్నారు. మధ్యమధ్య ముక్కుతో బుర్రుమంటున్నారు. ఆ బుర్రుమనడం వినగానే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. పొడుం పీల్చే మావగారి ముక్కు ఏళ్ళ తరబడి ఇంట్లో అలాగే మోగుతోంది.

ఇక్కడ మీరు ఒకటి అడగొచ్చు. పొద దాటి చూస్తే పోయేది కదా అని. ఎలా చూస్తామండీ? మనిషి చెంబు పట్టుకుని వెళ్ళారు. ఆడవాళ్ళు అటు తొంగిచూడ్డం మర్యాదేనా? అందుకని అత్తగారు పొదకి వీపు పెట్టి, కొంగు భుజం నిండా కప్పుకుని, రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"ఏవండీ, సిగ్గుందాండీ మీకు? కూతురు కోసం తెచ్చిన పండండీ అది. నోట్లో ఎలా పెట్టుకోబుద్ధేసింది?"

అవతల చప్పరింపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"నేను తిండి మానేసి మీకు కాకరకాయలు వండుతుంటే, మీరిక్కడ అడవుల్లో కూర్చుని తొనలు మింగుతారా? డాక్టరుగారేమన్నారు? కళ్ళు పోతాయన్నారు, కాళ్ళు తీసేయాల్సొస్తాదన్నారు. అర్ధరాత్రి మీకు ఊపిరాడుతోందో లేదోనని లేచి లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటన్నానండీ నేను. మీకేం తెలుసు? మీరు గుర్రు పెట్టి పడుకుంటారు." అత్తగారు జారిన కొంగు మళ్ళీ సర్దుకున్నారు. "మీరే లేకపోతే ఆ ఇంట్లో నేనెవర్ని అనుమానించనండీ? ఎవరి కోసం తాళాలేసుకోను?"

అవతల నుంచి గట్టి నిట్టూర్పులాంటిది వినబడింది. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణాన ఆవిడ మీద కోపమంతా పోయింది. ఇంకొక్క నిమిషం అక్కడితో ఆగి ఉంటే నేను ఆవిడ కాళ్ళకి దండం పెట్టేసేదాన్ని. కానీ ఆవిడ ఆగలేదు.

"సరే, అయిందేదో అయింది. ఒక్క మాట చెప్పండి. ఇన్నాళ్ళూ మీకు దొంగచాటుగా పెడతంది కోడలేనా?"

"ఊఁ" అని వినబడింది పొద వెనక నుంచి. స్పష్టంగా.

అత్తగారు నా చెయ్యి వదిలేశారు. "నిజంగానా?" అన్నారు.

"ఊఁ, ఊఁ."

ఇక నా వల్ల కాలేదు. మర్యాదా మన్ననా అన్నీ ఎగిరిపోయి, లోపల నుంచి మండపేట బయటికొచ్చేసింది. "మావయ్యగారూ! దేవుడి మీద ఒట్టేసి చెప్పండి, నేనెప్పుడు పెట్టానండీ మీకు?" అని అరుస్తూ, చీర ముళ్ళకి చిక్కుకున్నా లాక్కుని, పొద చుట్టూ తిరిగి అవతలకి వెళ్ళిపోయాను.

అక్కడ మావగారు లేరు. ఎలుగుబంటి ఉంది.

నల్లగా, దువ్వెన చూడని జుట్టుతో, గుండె మీద తెల్లటి నామంతో, పనసపండుని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుని ఉంది. మూతి నిండా పనసపీచు. నేను అరుచుకుంటూ వచ్చేసరికి తినడం ఆపి, ఎవరీ మనిషి అన్నట్టు నన్ను ఎగాదిగా చూసింది. అచ్చం మా అత్తగారి చూపు. తరవాత పండు కింద పెట్టి, మెల్లగా రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. నాకు కేక రాలేదు. కాళ్ళు కదల్లేదు. రెండు చేతులూ ఎప్పుడు చాపానో తెలీదు. నోట్లోంచి వచ్చిందల్లా ఒకటే మాట. "రాకండి... రాకండి..." (అవును, ఎలుగుబంటినే. అంత పెద్ద శాల్తీని, అంత దగ్గరగా, ఏకవచనంలో పిలవడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే కోనసీమ నీళ్ళు వంటబట్టాయి.) "ఎవరితోనమ్మా?" అంటూ అత్తగారు నా వెనకే వచ్చేశారు. చూశారు. అప్పుడు ఆవిడ పెట్టిన కేకకి చెట్ల మీది పిట్టలన్నీ లేచాయి. డ్రైవరు హారన్ మీద చెయ్యేసి తీయలేదు. మా ఆయన కంగారులో జీపు బానెట్ మూసేసి, ఇంకా కాలుతున్న దాని మీదికెక్కి, ఎక్కినంత వేగంగానూ దిగారు. ఎలుగుబంటికి ఈ గోలేమీ నచ్చినట్టు లేదు. నాలుగు కాళ్ళ మీదికి దిగి, పండులో పెద్ద చెక్కని నోట కరుచుకుని, బుర్రుమంటూ అడవిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు పక్కనున్న బండ వెనక నుంచి మావగారు లేచారు. చేతులు మోచేతుల దాకా పనసపాలతో జిగురుగా ఉన్నాయి. మేం వాగుకి వెళ్ళగానే సంచి ఎత్తుకొచ్చి, రెండు తొనలు తిన్నారో లేదో అది వచ్చిందట. పండు వదిలేసి బండ వెనక నక్కి, ఊపిరి బిగబట్టి, అత్తగారు అన్న ప్రతి మాటా విన్నారు.

"పెట్టింది కోడలేనా?" అన్నారు అత్తగారు, ఇంకా వణుకుతూనే.

"అయ్యో, ఆ పిల్లకేం తెలీదే. కొబ్బరి బేరానికి అమలాపురం వెళ్ళినప్పుడల్లా నేనే మిఠాయికొట్లో కూర్చుని తినొస్తన్నాను."

"మరి ఇందాక ఊఁ అన్నారేంటి?"

"నేననలేదే. అదంది."

అత్తగారు అడవి వైపు చాలాసేపు అనుమానంగా చూశారు. తరవాత కొంగు చివర తడిపి మావగారి చేతుల జిగురు తుడవడం మొదలుపెట్టారు. నీళ్ళకి పనసపాలు వదలవని తెలిసి కూడా తుడుస్తూనే ఉన్నారు. మావగారు కాసేపటికి "ఇంక తిననులేవే" అన్నారు చిన్నగా. నిజంగానే ఆ తరవాత ఆయన తీపి ముట్టుకోగా నేను చూడలేదు.

సాయంత్రానికి చింతూరు చేరాం. ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు కూతుర్ని పట్టుకుని బావురుమన్నారు. "మీ వదిన లేకపోతే నేనివాళ లేనే! ఎలుగుబంటికెదురుగా రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడిపోయి, నన్ను మాత్రం 'రాకండి, రాకండి' అందే!" అన్నారు. నేను తెల్లబోయాను. "అత్తయ్యగారూ, మిమ్మల్ని కాదండి, నేనన్నది ఎలుగుబంటినండి" అన్నాను. ఆవిడ నా వంక అదే ఓరచూపు చూసి, కూతురితో "చూసేవా, గొప్ప చెప్పుకోడం కూడా ఇష్టం లేదు. ఎలుగుబంటినెవరైనా అండీ అంటారే?" అన్నారు. ఇంటికి తిరిగొచ్చిన రోజున పంచదార డబ్బా, బెల్లం జాడీ వంటింటి గూట్లోకి వచ్చేశాయి. క్షమాపణల్లాంటివేమీ లేవు, డబ్బా మాత్రం వచ్చింది.

ఇప్పుడు ఆవిడ బాగా పెద్దవారైపోయారు. చూసి వెళ్దామని ఎవరొచ్చినా మంచం మీద లేచి కూర్చుని ఈ కథే చెబుతారు. మొదట్లో నేను సరిదిద్దేదాన్ని. ఈమధ్య మానేసి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. కాళ్ళు కదలక నిలబడ్డానని నాకు తెలుసు. ఆ అండీ ఎవరినన్నానో కూడా తెలుసు. కానీ ఆ రోజు నాలోని పిచ్చిపిల్ల రెండు చేతులూ ఎందుకు చాపిందో మాత్రం నాకు గుర్తు లేదు. పడిపోకుండా కొమ్మలేవో పట్టుకుందామనే అయ్యుంటుంది. అత్తగారు మాత్రం ససేమిరా ఒప్పుకోరు. ఆవిడ నా మీద పడ్డ అనుమానాలన్నీ తప్పని తేలేదాకా నేను నిద్రపోలేదు, ఈ ఒక్కటి మాత్రం నిజమై ఉంటే బాగుండునని పాలు కాగేదాకా అలా నిలబడి ఆశపడుతూంటాను.