అటువైపు బల్ల

మా సిస్టర్ల ఇంటిని స్థాపించినావిడను మేమంతా పెద్దప్ప అనేవాళ్లం. మదర్ అంటే పలికేవారు కాదు. ఆమె దొరసానుల చేతికింద పెరిగారని చోడవరంలో చెప్పుకుంటారు, అది తప్పు. రోలుగుంటలో చెరకు రైతు కూతురు. ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో క్రీస్తే పెనిమిటి అని ప్రమాణం చేసి, తెల్లచీర కట్టి, మరో ఇద్దరితో ఇక్కడ ఒక పెంకుటింట్లో మొదలుపెట్టారు. మేం ఎదురుపడితే వీధివాళ్లు ప్రయాణం ఆపుకుని వెనక్కి వెళ్లేవారు.

"ముండమోపులు ఎదురొచ్చేర్రా!" అని ఒకామె అంటే పెద్దప్ప నవ్వారు.

"మా ఆయన సచ్చిన మూడోనాడే లెగిసేడు. నాను ముండమోపినెలాగవుతానే?"

సాయంత్రం కీర్తన చదవడానికి ఆమె ఒక నియమం పెట్టారు. ఎదురెదురుగా రెండు బల్లలు. ఇటువాళ్లు సగం వచనం చెప్పి ఆగాలి. ఒక్క ఊపిరి గడిచాకే అటువాళ్లు మిగతా సగం అందుకోవాలి. ఆ ఆగడాన్ని ఆమె ఓపిక అనేవారు. ఎవరైనా తొందరపడితే "ఓపిక, ఓపిక" అని గొణిగేవారు. ఆమెది అటువైపు బల్ల.

ఆమె పోయాక మిగతావాళ్లూ పోయారు. ఒక్కదాన్నే రెండు సగాలూ చెప్పేదాన్ని. తర్వాత నా సగమే చెప్పి లేవడం అలవాటైంది. కీర్తన కొరత పడినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

ఇంకొకరు చేరకపోతే ఇంటికి తాళం వేస్తామని ఈ ఏడు సంఘం పెద్దలు చెప్పారు. రావికమతం నుంచి ఒక నర్సు వచ్చింది, ముప్పై దాటిన మనిషి. కొన్నాళ్లుండి చూసి చెబుతానంది. మొదటి సాయంత్రం ఆమెను అటువైపు కూర్చోబెట్టాను. నా సగం చెప్పి ఆగాను. ఆమె నోరు విప్పలేదు. చివరి వచనం దాకా అంతే.

"ఏటే, పుస్తకం సేతిలోనే ఉంది గదా, అందుకోవేటి?"

"అందుకుందామనే సూసేనప్పా. ఈ పక్కనావిడ ఓపిక, ఓపిక అంటన్నారు."

లైటు వేశాను. ఆమె బల్ల చివరికి ఒదిగి కూర్చుని ఉంది, పక్కన మనిషికి సరిపడా చోటు వదిలి.

ఆ మాట ఎవరిదో నేను చెప్పలేదు. చెబితే వెళ్లిపోతుందని భయం. మర్నాడు పొద్దున ఆమె సంచి తెరిచి బట్టలు మంచమ్మీద పెడుతోంది.

"ఆటో పిలవమన్నావేటే?"

"ఎందుకప్పా? బీరువాలో సర్దుకుంటన్నాను. ఉండిపోతాను." ఒక చీర మడతపెడుతూ మళ్లీ అంది: "గానీ నన్నా బల్ల మీద కూకోమనకండి. అక్కడ ఖాళీ లేదు."

ఆ సాయంత్రం నా పక్కనే కూర్చుంది. ఇద్దరం మా సగం చెప్పి ఆగాం.